దేవుడి గూట్లో లెన్సు

మా ఇంట్లో దేవుడి గూడు వంటింటికీ ముందుగదికీ మధ్య గోడలో ఉంది. ఈ ఇల్లు కట్టేటప్పుడు మా మామ మేస్త్రీ పక్కనే నిలబడి చెప్పి మరీ పెట్టించిన గూడు అది. అందులో స్వామి పటం, అమ్మవారి పటం, ఒక ఇత్తడి దీపం, దీపం పక్కన చిన్న పళ్ళెం. ఆ పళ్ళెంలో దాదాపు రెండేళ్లపాటు ఒక కెమెరా లెన్సు ఉండేది. పసుపు గుడ్డలో చుట్టి, బొట్టు పెట్టి, నేనే కూర్చోబెట్టాను.

మాది ఇస్నాపూర్. రోడ్డు వైపున్న గది మా ఆయన ఫోటో స్టూడియో. పైన నాలుగు గదులు కంపెనీల్లో పనిచేసేవాళ్ళకు కిరాయికి ఇచ్చాము. పొద్దున లేస్తే గేటు పాసు ఫోటోలకని ఎక్కడెక్కడి రాష్ట్రాల పిల్లలో వచ్చి నిలబడతారు. తల దువ్వుకోవడానికి మా అద్దం ముందు వరుస కడతారు. ఆ పని మా ఆయనది. ఆడవాళ్ళ పనులు నావి. ఒడిబియ్యం, శ్రీమంతం, పిల్లల తొట్టెల పండుగలు. పరాయి మగవాడు కెమెరా పట్టుకొని నిలబడితే మన ఆడవాళ్ళు కొంగు సర్దుకోవడంలోనే సగం ఉంటారు. నేను నిలబడితే నన్ను మరిచిపోతారు. వాళ్ళు నన్ను మరిచిపోయిన క్షణమే నాకు కావలసింది.

నేను బడికి పోలేదు. మా పుట్టినూరికి బడి బొంబాయి రోడ్డు అవతల ఉండేది. లారీల భయానికి మా అమ్మ పంపలేదు. మా నాయన చేటలో తవుడు పరిచి అక్షరాలు దిద్దించాడు. భజన పుస్తకమే నా వాచకం. అందుకే ఇప్పటికీ ఏది చదివినా పెదవులు కదులుతాయి, పాడినట్టే చదువుతాను. కెమెరా కూడా అట్లాగే ఇంట్లోనే వచ్చింది. పెళ్ళయిన కొత్తలో నేను బియ్యం ఏరుతుంటే మా ఆయన ఎదురుగా కూర్చొని చెప్పేవాడు. తలుపు ఓరగా తీస్తే గదిలోకి ఎంత వెలుతురు, బార్లా తీస్తే ఎంత వెలుతురు, లెన్సు లోపల కూడా అట్లాంటి తలుపే ఉంటుందని. నాకు నేర్పినవాళ్ళందరూ పనిలో ఉండి నేర్పినవాళ్ళే. నన్ను ఒక చోట కూర్చోబెట్టి, నీకు రాదు అన్నవాళ్ళు లేరు. అది తలుచుకున్నప్పుడల్లా మనసులోనే ఒక దండం పెట్టుకుంటాను.

ఆ లెన్సు కొన్ననాడు మా ఆయన డబ్బా తను విప్పలేదు. తెచ్చి నా చేతిలో పెట్టాడు. ముఖాలు తియ్యడానికి ప్రత్యేకంగా చేసిన లెన్సు అది. వెనకాల ఉన్న కుర్చీలు, వైర్లు, సిలిండరు అన్నీ మెత్తగా కరిగిపోయి మనిషి ముఖం ఒక్కటే నిలుస్తుంది. రెండు పెండ్లి సీజన్ల కష్టమంతా దాంట్లో పెట్టాడు. మా అత్తమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చాయ గ్లాసంత లేదు, దీనికి గంత ధరనా అని బుగ్గలు నొక్కుకుంది. తర్వాత దాంతో నేను తీసిన తన ఫోటో చూసి, అడిగి తీసుకుంది. ఆ ఫోటోను ఇప్పటికీ దిండు కింద పెట్టుకుంటుంది.

ఆ ఏడు దసరాకు పనిముట్లన్నీ గూటి ముందు పెట్టాము. మా అత్తమ్మ కాపురానికి వచ్చిన రోజుల్లో నాగలి కర్రు, కొడవళ్ళు, గొర్రు పెట్టేవారట. వాళ్ళు దున్నిన చెలక ఇప్పుడు ఒక ఫ్యాక్టరీ గోడ అవతల ఉంది. ఇప్పుడు కెమెరాలు, ప్రింటరు, కత్తెర, కార్డులకు ప్లాస్టిక్ అతికించే మిషను. అన్నిటికీ పసుపు, కుంకుమ, మీద జమ్మి ఆకు. మర్నాడు అన్నీ దుకాణంలోకి వెళ్ళిపోయాయి. లెన్సును మాత్రం తియ్యబుద్ధి కాలేదు. అన్నం పెట్టేది దేవుని దగ్గరనే ఉండనీ అంది అత్తమ్మ. నాకూ అదే మాట మనసులో ఉంది. ఫంక్షను ఉన్నప్పుడు దండం పెట్టి తీసుకునేదాన్ని, రాగానే కాళ్ళు కడుక్కొని మళ్ళీ పెట్టేదాన్ని. శుక్రవారం శుక్రవారం గుడ్డను పసుపు నీళ్ళలో ముంచి, పిండి, ఆరేసి చుట్టేదాన్ని. వానాకాలం గుడ్డ సరిగా ఆరేది కాదు. అయినా శుక్రవారం తప్పకూడదు కదా అని చెమ్మతోనే చుట్టేదాన్ని. పక్కనే నువ్వుల నూనె దీపం. సాయంత్రం నిప్పుల మీద మైసాక్షి ధూపం వేస్తే గూడంతా పొగ నిండేది.

సుల్తాన్‌పూర్ దగ్గర ఒక ఊళ్ళో ఒడిబియ్యానికి పోయిన రోజు తేడా తెలిసింది. పుట్టింటివాళ్ళు ఆడబిడ్డ ఒడిలో పసుపు కలిపిన బియ్యం, కొబ్బరి కుడుకలు, పోకలు పోస్తున్నారు. ఆమె గడప వైపు ముఖం పెట్టి కూర్చుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. మంచి ఫోటోలు వచ్చాయని సంతోషంగా ఇంటికి వచ్చాను. కంప్యూటరులో పెద్దగా చేసి చూస్తే ముఖం మీద అన్నం గిన్నె మూత తీసినప్పటి ఆవిరి పట్టినట్టు ఉంది. లెన్సు ముందు అద్దం తుడిచి మళ్ళీ తీసి చూశాను. ఆవిరి పోలేదు.

మా ఆయన దుకాణంలో షట్టరు సగం దించి, టార్చి వేసి లెన్సు లోపలికి చూశాడు. నన్నూ చూడమన్నాడు. అద్దం మీద సాలెగూడు వంటి సన్నని పోగులు పాకి ఉన్నాయి. తిప్పే చక్రం సందుల్లో పసుపు రేణువులు. బూజు అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం నాకు కొత్త కాదు, పాత ఆల్బములకు పడుతుంది. లెన్సుకు కూడా పడుతుందని అప్పుడే తెలిసింది. వెంటనే దాన్ని మిగతా లెన్సుల నుంచి దూరంగా, అమ్మోరు పోసిన పిల్లను విడిగా పడుకోబెట్టినట్టు, వేరే సంచిలో పెట్టాడు. ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంటుందని ఫోటోలు తీసేవాళ్ళ నమ్మకం.

కాసేపు కుర్చీలో కూర్చొని తల పట్టుకున్నాడు.

"నా తప్పే," అన్నాడు. "మొన్న హల్దీ ఫంక్షనుకు నిన్ను అడగకుండ నీ లెన్సు తీస్కపోయిన. ఆ పిల్లలు పసుపు నీళ్ళు కుండలతోని పోసుకున్నరు. లోపలికి పోయింటది."

నేను నమ్మాను. నిజంగానే నమ్మాను. అడగకుండా తీసుకుపోయినందుకు ఒక నిమిషం కోపం కూడా వచ్చింది.

శుక్రవారం పొద్దున పటాలు దించి తుడుస్తున్నాను. నెలకొకసారి చేసే పనే. దీపం పొగకు పటం అద్దం మీద జిడ్డు కడుతుంది, గుడ్డకు గోధుమరంగు అంటుతుంది. స్వామి పటం తుడిచి వెలుతురుకు పట్టి చూశాను. తుడవని మూల మీద అదే ఆవిరి. అమ్మవారి పటం వెనక, గోడ చెమ్మ తగిలే వైపు, అద్దం లోపల అవే సాలెగూడు పోగులు. చేతిలో గుడ్డ అట్లాగే ఉండిపోయింది. పదిహేనేళ్ళుగా నెలనెలా ఈ అద్దాలు తుడుస్తున్నాను. దీపం పక్కన పెట్టిన అద్దానికి ఏమవుతుందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు మా వాడలో లేరు. ఆ పక్కనే తడి గుడ్డ చుట్టి పెట్టింది కూడా అద్దమేనని ఒక్కసారీ తట్టలేదు. నా కంటికి అది అద్దం కాదు, అన్నం పెట్టే చెయ్యి.

చెబుదామని పటం చేతిలో పట్టుకొనే దుకాణంలోకి వెళ్ళాను. మా ఆయన ఫోనులో మాట్లాడుతున్నాడు. ఫోను పెట్టేసి, ఆదివారం కాక వచ్చే ఆదివారం హైదరాబాదు నుంచి ఒకాయన వస్తాడని, పాత కెమెరాలు పోగుచేసే మనిషని చెప్పాడు. మన దుకాణంలో ఉన్న ఉస్తాద్ కెమెరాను ఆయనకు అమ్మేస్తున్నాడట. దానికి ఆయన ఇచ్చేది కొత్త లెన్సుకు సరిపోతుందట.

ఆ కెమెరా గురించి చెప్పాలి. మా ఆయన పని నేర్చుకున్నది సంగారెడ్డిలో, తను ఉస్తాద్ అని పిలిచే ఒక పెద్దమనిషి దగ్గర. ఆయన స్టూడియో మూసేసిన రోజు మెడలో నుంచి తీసి మా ఆయన మెడలో వేసిన కెమెరా అది. రీలు వేసి తీసేది. అంతా ఇనుము, పైన తోలు. దుకాణంలో అద్దాల బీరువాలో ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు, ముట్టుకోవద్దని ఎవరూ చెప్పలేదు. దాన్ని ఇస్తానని చెబుతున్నప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది. కళ్ళు మాత్రం బీరువా వైపు పోలేదు.

నేను పటం పట్టుకొని వెనక్కి వచ్చేశాను.

ఎందుకు చెప్పలేదు అంటే, తిడతాడని కాదు. మా ఆయన తిట్టే మనిషి కాదు, ఆ విషయంలో నా అదృష్టం గొప్పది. నా నోటితో, దీపమే దీన్ని చెడగొట్టింది, నా శుక్రవారాలే దీన్ని చెడగొట్టాయి అని చెప్పాలంటే దేవుడి మీద చాడీ చెప్పినట్టు అనిపించింది. భక్తితో చేసిన పనికి ఇట్లాంటి ఫలం వచ్చిందని నలుగురికీ తెలిస్తే, చూసినవా నీ పూజ అంటారు. నన్నంటే పడతాను. ఆ గూటిని అంటే ఎట్లా పడను. ఇట్లా నాకు నేను చెప్పుకున్నాను. ఇంకో ఆదివారం దాకా రోజులున్నాయి కదా అని కూడా చెప్పుకున్నాను.

చెప్పకుండానే ఆపాలని చూశాను. కొత్తది ఎందుకు, దీన్నే బాగు చేయిద్దామని రోజూ ఏదో ఒక వంకతో ఎత్తేదాన్ని. ఆయన దగ్గర జవాబులుండేవి, అన్నీ న్యాయమైన జవాబులే. బాగు చేసిన లెన్సు నడిమధ్యలో మొరాయిస్తే ఎవరి పెండ్లి మళ్ళీ చేయిస్తాము అన్నాడు. ఆవిరి పట్టిన ముఖాలను డబ్బులు తీసుకొని ఎట్లా ఇస్తాము అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, నా పనిముట్టు తన వల్ల చెడింది కనుక కొత్తది తెచ్చి నా చేతిలో పెట్టేదాకా తనకు తృప్తి లేదని.

మా అత్తమ్మ మధ్యలో దూరింది. "ఇల్లు కారుతున్నదని ఇల్లు మారుస్తరా కొడుకా? గూన సర్దిచ్చుకుంటరు గని."

"గూన పెంకలు కావు గదమ్మా ఇవి," అన్నాడాయన.

"మరేంది? మా కాలంల నాగలికి ఎన్ని పసుపులు రాసినం, ఎన్నడన్న ఖరాబయిందా?"

నేను చేతిలో పని ఆపి ఆయన ముఖం చూశాను. ఆయన మాత్రం హల్దీ పసుపు గురించే అంటుందనుకొని నవ్వాడు. నాగలి ఇనుము, ఇది అద్దం అన్నాడు. ఆ ముక్క నాకు ఎవరైనా రెండేళ్ళ కింద చెప్పి ఉంటే బాగుండేది.

బుధవారం మధ్యాహ్నం అన్నానికి పిలుద్దామని దుకాణంలోకి వెళ్ళాను. ఆయన ఉస్తాద్ కెమెరా ముందు పెట్టుకొని, గడ్డం గీసుకునే బ్రష్షుతో దుమ్ము దులుపుతున్నాడు. వచ్చే మనిషి కోసం తయారు చేస్తున్నాడు. నన్ను చూడలేదు. తుడవడం అయ్యాక కంటికి పెట్టుకొని, వీధిలో పోయే ఆటో వైపు తిప్పి, లోపల రీలు లేకుండానే ఒకసారి నొక్కాడు. ఆ చప్పుడు విని కెమెరాను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర నుంచి వెనక్కి జరిగి, వంటింట్లో నుంచి గట్టిగా పిలిచాను.

అన్నం వడ్డిస్తూ అడిగాను. పటాన్‌చెరులో పాత గడియారాలు, కెమెరాలు బాగుచేసే ముసలాయన ఉన్నాడు కదా, ఒక్కసారి చూపిద్దాం, ఆయన కాదంటే ఇంకేమీ అనను అని. చూపిస్తే పోయేదేముంది, రేపు నువ్వు కూడా రా అన్నాడు. నన్ను ఎందుకు రమ్మన్నాడో తెలియదు. రమ్మన్నందుకు మాత్రం స్వామికి దండం పెట్టుకున్నాను.

ఆ దుకాణం బస్టాండుకు ఎదురుగా, చెప్పుల షాపు పైన. ఇరుకు మెట్లు. గదిలో ఒక బల్ల, ఒక టేబుల్ లైటు, గోడ నిండా ఆగిపోయిన గడియారాలు. ముసలాయనకు తెల్ల టోపీ, కంటికి బిగించిన చిన్న అద్దం. మా ఆయన ఆయనను చాచా అంటాడు, ఉస్తాద్ ఉన్నప్పటి నుంచి తెలిసినవాడు. నాకు ముక్కాలిపీట చూపించి కూర్చోమన్నాడు. మా ఆయన హల్దీ సంగతి మొత్తం చెప్పాడు. చాచా వింటూనే లెన్సును విప్పడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క చక్రం తీసి తెల్లకాగితం మీద వరుసగా పెట్టాడు. నా రెండేళ్ళ పూజ అట్లా విడివిడిగా బల్ల మీద పరుచుకుంటుంటే చూడలేక గోడ మీది గడియారాల వైపు చూశాను. ఒక్కొక్కటి ఒక్కో వేళ చూపిస్తోంది.

చాచా ఒక అద్దాన్ని పట్టకారుతో లైటుకు ఎత్తి, వేలి కొనతో అంచు తాకి, ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడు.

"హల్దీ నీళ్ళు పడితె మరక గిట్ల ఉండదు బేటా. గిది నూనె పొగ. దినాం దినాం పట్టిన పొగ. చెమ్మ గుడ్డల ఉన్నది కూడ. ఏడ పెడ్తరు దీన్ని?"

మా ఆయన, బ్యాగులోనే అనబోయి ఆగాడు. ఇంట్లో లెన్సు ఎక్కడ ఉంటుందో ఆయనకు తెలియక కాదు. రోజూ చూసేదే. కళ్ళ ముందు ఉన్నది ఆయనకూ తట్టలేదు, నాకు తట్టనట్టే. ఇంకో క్షణం ఆగితే ఆయనే అనేవాడు. ఆయన నోటి నుంచి రాకముందే నా నోటి నుంచి రావాలని అనిపించింది.

"దేవుని గూట్ల పెడుత చాచా," అన్నాను. "దీపం పక్కన. శుక్రవారం తడి పసుపు గుడ్డ చుట్టి పెడుత. ఈయన తప్పు ఏం లేదు. నాకు పోయిన శుక్రవారమే ఎరుకయింది."

మా ఆయన నా వైపు తిరిగాడు.

"మరి గిన్ని దినాలు ఎందుకు చెప్పలె?"

"దేవుని మీద చాడీ చెప్పినట్టు అయితదనిపిచ్చింది."

చాచా కంటి మీది అద్దం తీసి బల్ల మీద పెట్టాడు. కోప్పడతాడేమో, ఇంత ఖరీదైన వస్తువును ఎవరైనా అట్లా పెడతారా అంటాడేమో అనుకున్నాను. ఆయన చిన్నగా నవ్వాడు.

"మా దిక్కు నుంచి లెన్సులు లోబాన్ పొగ పట్టి వస్తయి బేటీ, మీ దిక్కు నుంచి హారతి పొగ. అద్దానికి రెండూ ఒక్కటే. నువ్వొక్కదానివి చెయ్యలె గిది."

ఆ మాటతో నా కళ్ళు తడయ్యాయి. కొంగుతో ఒత్తుకున్నాను. మా ఆయన అప్పుడు అన్నాడు, అదీ ఎంతో గంభీరంగా. "గా హల్దీ పిల్లల్ని ఇన్ని దినాల సంది మనసుల తిట్టుకుంట తిరుగుతున్న. పాపం వాళ్ళకేం ఎరుక." చాచా పళ్ళు లేని నోటితో పెద్దగా నవ్వాడు. నాకూ నవ్వు వచ్చింది.

తర్వాత చాచా ఉన్నదున్నట్టు చెప్పాడు. కొత్తది కొంటే తనకేమీ రాదు, బాగు చేస్తే తనకు కూలి వస్తుంది, అందుకని తన మాటను సగమే నమ్మమన్నాడు. పొగ జిడ్డు పోతుంది, పసుపు పోతుంది. బూజు కూడా పోతుంది కానీ ఒక అద్దం పైపూతను అది కొంచెం తినేసింది, ఆ మచ్చ పోదు. మామూలు వెలుతురులో ఫోటోకు ఏమీ కాదు. ఎదురు ఎండకు పెట్టి తీస్తే మాత్రం పలచగా తెల్లదనం వస్తుంది. ఆ ఒక్క అద్దం కొత్తది తెప్పించవచ్చు, కానీ అది వచ్చేసరికి నెలలు, దాని ధరకు ఇంకొంచెం వేస్తే కొత్త లెన్సే వస్తుంది. ఇదీ సంగతి.

మా ఆయన చాలాసేపు ఆ అద్దాన్ని చూశాడు. ఆయన మనసులో ఎవరి పెండ్లో తిరుగుతోందని నాకు తెలుసు. చివరికి నా వైపు చూశాడు.

"వాడేటిదానివి నువ్వు. నువ్వే చెప్పు. బాగు చేపిద్దామా, కొందామా?"

నేను పొరపాటు చేసినదాన్ని. నన్ను అడగనవసరం లేదు. అయినా అడిగాడు. ఆ అడగడాన్ని నేను ఇప్పటికీ మరిచిపోను.

తొందరపడకుండా ఆలోచించాను. ఉస్తాద్ కెమెరా కోసమే బాగు చేయిద్దామంటే అది కూడా ఒక రకం దాపరికమే అవుతుంది. పని జరుగుతుందా లేదా అన్నదే చూడాలి. నేను తీసే ఒడిబియ్యాలు, శ్రీమంతాలు ఇళ్ళలో జరుగుతాయి. గడప నుంచో కిటికీ నుంచో వెలుతురు వస్తుంది. నేను కట్టెల పొయ్యి దగ్గర పెరిగినదాన్ని. పొగ ఎటు కొడుతుందో చూసుకొని పీట జరుపుకోవడం చిన్నప్పటి నుంచి అలవాటు. వెలుతురు ఎటు కొడుతుందో చూసుకొని జరగలేనా.

"బాగు చెయ్యండి చాచా," అన్నాను. "ఎండకు ఎదురు నిలవడి తియ్య. అట్ల తియ్యాల్సి వస్తె ఈయన లెన్సు అడిగి తీస్కుంట. అడిగి."

ఆ చివరి మాటకు మా ఆయన తల దించుకొని నవ్వాడు. మెట్లు దిగేటప్పుడు మధ్యలోనే ఆగి హైదరాబాదు మనిషికి ఫోను చేశాడు. ఇచ్చేది లేదన్నా, ఇంట్లో అవసరం తీరింది అని రెండు ముక్కల్లో చెప్పాడు. ఫోను జేబులో పెట్టుకొని కింద బండి మీద నాకు చెరుకురసం ఇప్పించాడు. తను కూడా తాగాడు. ఆయన తీపి పెద్దగా తాగడు.

పది రోజులకు చాచా రమ్మన్నాడు. లెన్సు అద్దం మునుపటిలా నీటిచుక్క రంగులో మెరుస్తోంది. లోపలికి చూస్తే ఒక మూల వెంట్రుకంత మచ్చ. దాన్ని మా చేతిలో పెట్టాక, సొరుగు తీసి ఒక చిన్న కాగితం పొట్లం ఇచ్చాడు. ఏమిటని విప్పబోతే జాగ్రత్త అన్నాడు. లెన్సు సందుల నుంచి బ్రష్షుతో రాల్చిన పసుపు, కుంకుమ. పిడికెడు కూడా లేదు, చిటికెడు.

"మీ పూజది బేటీ. చెత్త డబ్బల వెయ్య మనసు రాలె."

నేను లేచి నిలబడి ఆయనకు రెండు చేతులూ జోడించాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు. ఇంటికి వచ్చి ఆ పొట్లాన్ని తులసి మొదట్లో ఒలికించి నీళ్ళు పోశాను. దేవుడు నా మీద అలిగి ఉంటాడేమోనని నాలో ఏ మూలనో మిగిలిన బెంగ కూడా ఆ నీళ్ళతోనే ఇంకిపోయింది. తప్పు పూజలో లేదు, దీపం పక్కన అద్దం పెట్టడంలో ఉంది. స్వామి ఆ వస్తువును ఏమీ చెయ్యలేదు. నా కళ్ళ ముందు నెలనెలా పటం అద్దం చూపిస్తూనే ఉన్నాడు, నేనే చూడలేదు.

ఇప్పుడు లెన్సు గాలి చొరబడని ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది. మా పైగదిలో ఉండే అమ్మాయి గడ్డపోతారంలో మందుల కంపెనీలో ప్యాకింగు పని చేస్తుంది. మందు సీసాల్లో వేసే తెల్ల పొట్లాలు చెమ్మను పీల్చుకుంటాయని, మెడికల్ షాపువాళ్ళను అడిగితే ఖాళీ డబ్బాల్లో మిగిలినవి ఇస్తారని ఆమే చెప్పింది. ఒక గుప్పెడు వేసి పెట్టాను. మా అత్తమ్మ ఆ డబ్బాను చూసి, ఊరగాయ జాడీ ముందు కూర్చున్నట్టు కూర్చొని, రోజూ మూత గట్టిగా ఉందో లేదో నొక్కి చూస్తుంది.

మొదటి శుక్రవారం దీపం పెట్టాను. పళ్ళెం ఖాళీగా ఉంది. రెండేళ్ళ అలవాటు కదా, చెయ్యి తనంతట తానే అటు పోయింది. కాసేపు నిలబడి ఆలోచించి, డబ్బా తెరిచి, లెన్సు ముందరి నల్ల మూతను మాత్రం తెచ్చి పళ్ళెంలో పెట్టాను. అది ప్లాస్టిక్. పొగ పట్టినా తుడిస్తే పోతుంది. దానికి పసుపు రాసి, నడిమధ్యలో నిండుగా కుంకుమ బొట్టు పెట్టాను. బీరువాలో ఉస్తాద్ కెమెరా తోలు సంచికి కూడా బయటి వైపు చిన్న బొట్టు పెట్టి వచ్చాను.

మర్నాడు పొద్దున మాకు ఇద్దరికీ ఒకే చోట పని. శ్రీమంతం నాది, బయట టెంటు కింద భోజనాలు ఆయనవి. బండి తీసి, సంచులు సర్దుతూ దుకాణంలో నుంచి అరిచాడు.

"లెన్సు మూత ఏడ పెట్టినవ్?"

"దేవుని దగ్గర."

నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ తలుపు సందు నుంచి చూశాను. గూటి ముందు నిలబడి మూతను చేతిలోకి తీసుకున్నాడు. తుడుస్తాడనుకున్నాను. తుడవలేదు. మూత అంచున ఎక్కువై రాలబోతున్న కుంకుమను మాత్రం ఉంగరం వేలితో తీసి, ఎక్కడ వెయ్యాలా అని అటూ ఇటూ చూసి, తన నుదుట పెట్టుకున్నాడు.